రెండు మీటర్ల తొంభై ఎనిమిది

ఊళ్ళో చర్చి మూడు కొట్టింది. ఇంకో గంట. రెండింటికి దింపిన గేటు కర్ర నాలుగింటికి గాని లేవదు, ఆలోపు ఈ పైన్ తోపు క్యాంపులో ఒక్క బండి ఇంజను తిరగడానికి లేదు, రేడియో మోగడానికి లేదు, గిన్నె కడగడానికి లేదు, మనుషులూ కుక్కలూ సముద్రమూ అందరూ పడుకోవాల్సిందే, ఆ సంగతి గేటు దగ్గర మూడు భాషల్లో రాసి పెట్టారు, నాకు మా భాషే కూడబలుక్కుంటే గాని రాదు, ఐదో తరగతితో ఆపించేశారు నన్ను, అయినా ముప్ఫై ఒక్క సెప్టెంబర్ల నుంచి చూస్తున్న బోర్డు, చదివేదేముంది. నడుం వాల్చాను గాని నిద్ర పడితేగా. పడుకున్నది భోజనాల బల్ల కిందికి దింపి పరుపు పరిచిన పక్క మీద, సరిగ్గా నా నెత్తి మీద ఏసీ పెట్టె, జూన్‌లో మా చెల్లెలి మొగుడు వానెస్ బిగించింది, లోపల్నించి చూస్తే తెల్ల జాలీ, అంతే, కప్పు మీద మాత్రం మేకపిల్ల ముడుచుకుని పడుకున్నట్టు ఎత్తుగా ఉంటుంది, ఇరవై మూడు సెంటీమీటర్లు. ఎలా తెలుసంటే దానికి చలికాలం తొడుగు కుట్టింది నేనే, టేపు పట్టి, నాలుగు మూలలా. నాలుగింటికి గేటు లేస్తుంది, వానెస్ బండి తీస్తాడు, రైలు కట్ట కింది దారిలోంచి ఊళ్ళోకి పోనిస్తాడు. ఆ దారి నోటి మీద ఎర్ర చక్రంలో రాసింది మూడు మీటర్ల పది. మా క్యాంపర్ బండి ఎత్తు ఇప్పుడు మూడు మీటర్ల ఇరవై ఒకటి. ఈ సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. చెప్పాలా వద్దా అని పొద్దున్నుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను, ఆలివ్ గింజ ఎక్కడ ఉమ్మాలో తెలియనట్టు.

వానెస్‌కి తెలియదా అంటే తెలియదు. వానెస్‌కి తెలిసింది మా ఆయన రాసి పెట్టిన అంకె. రెండు మీటర్ల తొంభై ఎనిమిది. బండి కొన్న ఏడు, ఏప్రిల్ నెల, మా ఇంటి వెనక గోడ పక్కన నిలబెట్టి, మా ఆయన దొరీనో నిచ్చెనెక్కి కప్పు మీద చీపురు కర్ర అడ్డంగా పెట్టాడు, కర్ర కొస గోడకి ఆనింది, నేను కింద నా దర్జీ టేపుతో. దర్జీ టేపు నూట యాభైకి అయిపోతుంది కదా, గోడ మీద సుద్దగీత పెట్టి అక్కణ్ణించి మళ్ళీ పట్టాను, నూట నలభై ఎనిమిది. మళ్ళీ పట్టు ఎల్దా, అన్నాడు. పట్టాను. మళ్ళీ. ఏడుసార్లు పట్టించాడు, మెడ పట్టేసింది, పొయ్యి మీద చారు పొంగిపోయింది, పక్కింటి ముసలాయన కంచె మీదుగా తొంగి చూసి, ఏం దొరీనో, బండికి చొక్కా కుట్టిస్తున్నావా అన్నాడు. మా ఆయన నవ్వలేదు. చక్కెర మిల్లులో దుంపల లారీలు తూచే కాటా దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు కూర్చున్న మనిషి, ఆయనకి అంకె అంటే దైవం, ఒక కిలో అటూ ఇటూ అయితే ఆ రాత్రి అన్నం తినేవాడు కాదు. నేను పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీ నుంచి కాలరు లోపల పెట్టే గట్టిగుడ్డ ముక్క తెచ్చిపెడితే, దాని మీద చాకలి గుర్తులు వేసే సిరాతో రాసి, డ్రైవరు సీటు పైన ఎండకి దింపుకునే అడ్డం మీద అంటించాడు. ముప్ఫై ఒక్కేళ్ళయినా సిరా వెలిసిపోలేదు. ఆ గుడ్డ నాది, టేపు నాది, మెడనొప్పి నాది, అంకె ఆయనది.

ఎంత తిరిగామో ఆ అంకె పట్టుకుని. పో నది దగ్గర మా ఊళ్ళో బయలుదేరితే సముద్రాన్ని ఎడమ చేతికి పెట్టుకుని దిగిపోవడమే, రిమిని దగ్గర ఆగకుండా, అక్కడ జనం, ఇంకా కిందికి, గర్గానో కొండ దగ్గర ఒక రాత్రి, ఓత్రాంతోలో ఒక రాత్రి, అక్కడి క్యాంపులో కుళాయి ఎడమకి తిప్పితే వేడినీళ్ళొచ్చేవి, అన్నిచోట్లా కుడికి తిప్పితే వస్తాయి, నాకిప్పటికీ గుర్తు, గల్లీపోలీలో మా మనవరాలు గ్రేతా పొయ్యి దగ్గర్నుంచి తలుపు దాకా మొదటి నాలుగడుగులు వేసింది, ఈ బండిలోనే, నిలబడి ఉన్న బండిలోలెండి, తర్వాత మెతపోంతో, తర్వాత ఇదిగో ఈ ఊరు. ఇక్కడ రైలు కట్ట సముద్రానికీ ఊరికీ మధ్య గోడలా పోతుంది, ఇటు క్యాంపు, అటు ఊరు. బయటికి దారులు రెండు. ఒకటి ఇదే, రెండొందల అడుగుల్లో, కట్ట కింద సొరంగంలాంటిది. ఇంకోటి సముద్రం వెంబడే రెండు కిలోమీటర్లు గుంతల్లో పోయి రైలు గేటు దాటడం. మా ఆయన ముప్ఫై ఒక్కేళ్ళూ గుంతల్లోనే పోయాడు. పన్నెండు సెంటీమీటర్లు ఖాళీ ఉంది కదయ్యా అంటే, ఆ బోర్డు రోడ్డు వేసిన నాడు రాసింది ఎల్దా, తర్వాత రెండుసార్లు తారు పోశారు, ఇసుక కొట్టుకొస్తుంది, ఎవడో రాసిన అంకె నేను పట్టింది కాదు, నేను పట్టిందే నమ్ముతాను, అనేవాడు. గుంతలో పడ్డప్పుడల్లా అల్మారాలో కాఫీ పాత్ర గలగలమనేది. ఆ చప్పుడు వింటే చాలు, ఈ ఊరొచ్చాం అనుకునేదాన్ని.

నిన్న వస్తున్నప్పుడు నేనే గుంతల దారి చూపించాను. నోటితో కాదు. నోరు తెరవడానికి లేదు నాకు. మెతపోంతో దగ్గర ఒట్టు పెట్టించాడు వానెస్. ఏం చేశాననీ, మలుపు దగ్గర రొట్టెల కొట్టు కనిపిస్తే, ఆ కొట్టాయన భార్య పెళ్ళినాడు పిండి బస్తా మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్న సంగతి చెబుతున్నాను, చెబుతుంటే మలుపు దాటిపోయింది. బండి పక్కకి ఆపేశాడు. వెనక్కి తిరిగి, "వదినా, నేను బండి నడుపుతున్నానా, శ్మశానం చూపిస్తున్నానా? ప్రతి మలుపుకీ ఒక చచ్చినోడి కథేనా?" అన్నాడు. ఆవిడ చావలేదు, కాలే విరిగింది అన్నాను. ఇయోలే పగలబడి నవ్వింది. ఇయోలే నా చెల్లెలు. అప్పుడు వానెస్ అద్దం పక్కన వేలాడుతున్న మా ఆయన ఫొటో చూపించి, "ఆయన మీద ఒట్టెయ్. చక్రం తిరుగుతున్నంతసేపూ వెనక నుంచి ఒక్క మాట రాకూడదు. వచ్చిందో, అక్కడే దింపేస్తా" అన్నాడు. వేశాను. వేళాకోళం అనుకున్నాను. సాయంత్రానికి తెలిసింది కాదని, కొండల వెనక సూర్యుడు ఎర్రగా దిగుతుంటే ఆహా అన్నాను, ఆహా అంటే మాటా, బండి ఆపి తలుపు తీసి పట్టుకున్నాడు, మూడు నిమిషాలు, వెనక బండ్లు హారన్లు కొడుతుంటే. ఇయోలే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అందుకని నిన్న ఇక్కడ దారులు చీలే చోట కిటికీ అద్దం మీద తట్టి, చెయ్యి చాపి గుంతల దారి చూపించాను. ఆలోచించకుండానే తిప్పేశాడు. గుంతల్లో ఇయోలే టమాటా సీసాలు రెండు పగిలాయి, సరుకుల పెట్టె అంతా రక్తం కారినట్టయింది, వానెస్ తిట్టిన తిట్లు మా ఆయన ఫొటో కూడా వినే ఉంటుంది.

పొద్దున్నే పోయి కట్ట కింది దారి చూసొచ్చాడు, షార్టు వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద ఇంజనీరులా. వచ్చి ఎండ అడ్డం దింపి గుడ్డముక్క చదివాడు. "మూడు పది. మనది రెండు తొంభై ఎనిమిది. పన్నెండు సెంటీమీటర్లు మిగులు! దీనికా వదినా మీ ఆయన ముప్ఫై ఏళ్ళు గుంతల్లో పొర్లాడు? బండి నడిపాడా, శవపేటిక మోశాడా? పిరికి మనిషి." అన్నాడు, నోట్లో రొట్టె పెట్టుకుని. అప్పుడు చక్రం తిరగడం లేదు కదా, చెప్పొచ్చు కదా, నోరు తెరిచాను కూడా, వానెస్, ఆ పైన పెట్టె ఉందే, అని మొదలెట్టాను. "ఇదిగో, మొదలు!" అని చెయ్యెత్తాడు, "పెట్టె గురించి కూడా కథ ఉందా? ఇయోలే, మీ అక్కకి కాఫీ పొయ్యి, నోరు దాంతో నింపు." ఇయోలే పోసింది. తాగాను. తియ్యగానే ఉంది. ఆ కాఫీతో పాటే మాట లోపలికి పోయింది.

మూడున్నర కొట్టారు. బయట కుర్చీలు కిర్రుమంటున్నాయి, ఎండ పరదా కింద ఇద్దరూ కూర్చున్నారు. లేచి చెప్పేద్దాం అనుకుంటున్నాను నిజంగా. ఎంతైనా చెల్లెలు. పో నదికి వరద వచ్చిన ఏడు నాకు ఏడేళ్ళు, దానికి రెండు, నీళ్ళు గడప దాటితే దాన్ని చంకనెత్తుకుని అటక ఎక్కాను, రెండు రాత్రులు దాని తల నా గడ్డం కింద, తడి కోడిపిల్ల వాసన, అమ్మ కిందుండి అరుస్తోంది పట్టుకో పట్టుకో అని, పట్టుకున్నాను, ఇప్పటికీ ఆ చంక నొప్పెడుతుంది చలికి. మా ఆయన పోయాక బండి దానికే ఇచ్చాను. మా అమ్మాయికి బండెక్కితే వాంతులు, నాకు నడపడం రాదు. కాగితం మీద దానికి రాసిచ్చిన రోజు ఇయోలే నా మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది, ఈ బల్ల దగ్గర కిటికీ సీటు నీదే అక్కా, నువ్వు బతికున్నన్నాళ్ళూ ప్రతి సెప్టెంబరూ నీదే, అంది. నేను దానిని వేరే ఏమీ అడగలేదు. ఒక్క సీటు. వరదలో ఎత్తుకున్నదానికి అది చాలదూ. ఇప్పుడు లేచి చెబితే ఏమవుతుంది, వానెస్ ఒకసారి విసుక్కుంటాడు, నిచ్చెనేసుకుని చూస్తాడు, తెల్లబోతాడు, ఆ మొహం చూడ్డానికైనా చెప్పాలి. కాలు కింద పెట్టాను. చెప్పు తగల్లేదు, వంగి వెతుకుతున్నాను, పొయ్యి పైన చిన్న కిటికీ రెండు వేళ్ళంత తెరిచి ఉంది.

ఈ నిశ్శబ్దపు గంటల్లో ఇదొకటి, ఎవరు మామూలుగా మాట్లాడినా వినపడదు, గుసగుసలాడితే క్యాంపంతా వినపడుతుంది.

"ఐదూ ఇరవై రైలు. టిక్కెట్టు పొద్దున్న రొట్టెకి వెళ్ళినప్పుడే తీశాను," అంది ఇయోలే.

"చెప్పావా?"

"స్టేషను దగ్గర చెబుతా. ఇప్పుడు చెబితే దారంతా ఏడుస్తుంది."

"ఏడవనీ. ఏడిస్తే నయం, మాట్లాడదు."

ఇద్దరూ నవ్వారు. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు, ముక్కులోంచి వచ్చేది. చిన్నప్పుడు చర్చిలో ఇయోలే ఇలాగే నవ్వేది, నేను గిల్లేదాన్ని.

"పాపం అక్క, వానెస్," అంది తర్వాత.

"ఏం పాపం? శనివారం రెన్జో వాళ్ళు సిసిలీ పడవ దగ్గర ఎక్కుతారు. ఎక్కడ పడుకోబెడతావు వాళ్ళని, గ్యాస్ బండ మీదా? పన్నెండు రోజులు భరించాను. ఒక్కొక్క కుళాయికీ ఒక పురాణం. ఆ కాటా గుమస్తా రాసిన పీలిక కూడా, ఇవాళ ఆ దారి దాటగానే పీకేస్తా. అక్కడ ఫోను పెట్టుకోవాలి నాకు."

"ఫొటో దాని సంచిలో పెట్టేశాలే, బట్టల కింద."

చెప్పు దొరికింది. వేసుకోలేదు. కాలు మళ్ళీ పైకి తీసుకుని పడుకున్నాను, పరుపు కిర్రుమంటే ఊపిరి బిగబట్టాను, నా బండిలో నేను దొంగలాగ. అద్దం పక్కన మేకు ఒక్కటే ఉంది, ఫొటో లేదు, పొద్దున్న చూశాను, తుడవడానికి తీసిందనుకున్నాను, నా చెల్లెలు దుమ్ము తుడుస్తోంది కాబోలు అని మురిసిపోయాను కూడా, పిచ్చి ముండని. నా సంచీ తలుపు దగ్గర పెట్టి ఉంది, అదీ చూశాను, ఊడ్చడానికి జరిపిందనుకున్నాను. పక్క దుప్పటి కూడా తీసి మడతపెట్టేసింది మధ్యాహ్నం, ఎందుకే అంటే ఉక్కగా ఉందిగా అక్కా అంది. అన్నీ చూస్తూనే ఉన్నాను. చూసినదానికల్లా దాని తరఫున నేనే జవాబు చెప్పుకున్నాను.

ఓందీనా గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే ఎలా, ఈ తోపులోనే కదా. అప్పుడు నాలుగు కుటుంబాలం కలిసి వచ్చేవాళ్ళం, నాలుగు బండ్లు వరసగా, సాయంత్రం నాలుగు బల్లలు కలిపి ఒకటే బల్ల. ఓందీనా మొగుడు ఆ వసంతంలో పోయాడు, బండి అమ్మేసుకుంది, ఆ ఏడు మా వెంట వచ్చి అదిగో ఆ చివర చెక్క గదిలో దిగింది. ఒకటే మాట్లాడేది. మొగుడు పోయిన రోజు పొద్దున్న ఏం తిన్నాడు, ఏ చొక్కా వేసుకున్నాడు, గుండీ ఊడితే తను కుట్టి పెట్టలేదని. రోజూ అదే గుండీ. నేనే మొదలెట్టాను, ఆవిడ వస్తుంటే బల్ల మీద వేలితో గుండీ ఆకారం గీసేదాన్ని, ఆడవాళ్ళందరూ నవ్వు ఆపుకోలేక పళ్ళెంలోకి తల దించుకునేవాళ్ళు. మరుసటేడు, ఓందీనా, ఈసారి మేం స్పెయిన్ పోతున్నాం అని చెప్పింది నేనే, ఫోన్లో, ఎంత తియ్యగా చెప్పానో. ఇక్కడికే వచ్చాం. మూడో రోజు సాయంత్రం బల్ల చుట్టూ పదకొండు మందిమి, చేపలు కాలుతున్నాయి, వైను, నవ్వులు, తలెత్తితే ఓందీనా నిలబడి ఉంది, బస్సులో వచ్చిందట, రెండు చేతులతో పెద్ద కర్బూజ కాయ పట్టుకుని. అందరూ పళ్ళేల్లోకి తల దించుకున్నారు. నాకు మాటలు ఎప్పుడూ తక్కువ కాలేదు కదా, అరె, ఓందీనా, స్పెయిన్ ప్రయాణం నిన్ననే ఆగిపోయింది అన్నాను. అలాగా, అంది. కర్బూజ బల్ల చివర పెట్టింది, దొర్లకుండా దాని కింద రుమాలు చుట్ట చేసి మరీ పెట్టింది. వెళ్ళిపోయింది. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మలుపు చెప్పినా తల ఊపలేదు. ఆ కాయ ఎవరూ కొయ్యలేదు, ఎండకి అక్కడే మెత్తబడి పగిలింది, చీమలు పట్టాయి. ఓందీనా తర్వాత రెండేళ్ళకి పోయిందని విన్నాను, చొక్కా సంగతి ఎవరికి చెప్పుకుందో.

ఓందీనా ఏం చెయ్యగలదు మమ్మల్ని. ఆవిడ చేతిలో కర్బూజ ఒక్కటే ఉంది. నా చేతిలో ఇరవై మూడు సెంటీమీటర్లున్నాయి.

కానీ ఇది మా ఆయన బండి. ఆ అల్మారా తలుపు బందు ఆయనే చేశాడు ఇత్తడి రేకు కోసి, ఆ పొయ్యి చుట్టూ కట్టు ఆయనదే, మలుపులో గిన్నె జారకుండా. కప్పు చిరిగితే ఇంక అది బండి కాదు, ఈ వయసు బండికి కొత్త కప్పు ఎవరూ వెయ్యరు, తుక్కుకి పోతుంది. ఆయన్ని రెండోసారి చంపినట్టే కదూ. కదూ అని జాలీని అడిగాను. చెప్పకపోతే నేనే చంపినట్టు. చెబితేనో, చెబితే బండి బతుకుతుంది, గుంతల్లో పోతుంది, కాఫీ పాత్ర గలగలమంటుంది, స్టేషను దగ్గర ఆగుతుంది, నేను దిగుతాను, శనివారం రెన్జో పెళ్ళాం ఎవరో ఈ పక్క మీద ఒళ్ళు విరుచుకుని చల్లగాలి పోసుకుంటుంది, అల్మారా తలుపు లాగి ఈ రేకేంటి ఇంత అసహ్యంగా ఉంది అంటుంది, ఎండ అడ్డం మీద గుడ్డముక్క ఉన్నచోట జిగురు మరక ఉంటుంది. ఆయన ఉన్నాడని జిగురు మరక. నాకు డెబ్భై ఎనిమిది, ఇంక ఏడ్చే ఓపిక లేదు, ఏడుపొస్తే బాగుండును, రాలేదు. ఒకటే అనిపించింది, ఆయనది ఆయన అంకెతోనే పోనీ. పెట్టె సరిగ్గా నా నెత్తి మీదే ఉంది, పడితే నా మీదే పడుతుంది, పడనీ. తల కింద చేతులు పెట్టుకుని జాలీ గడులు చూస్తూ పడుకున్నాను, ఎంతో కాలానికి ఒళ్ళు తేలికయింది, కాస్త కునుకు కూడా పట్టినట్టుంది.

నాలుగు కొట్టీ కొట్టగానే గేటు దగ్గర మైకులో పాట, ఇంజన్లన్నీ ఒక్కసారి దగ్గాయి, పిల్లలు అరిచారు, సముద్రం కూడా లేచింది. వానెస్ నీళ్ళ గొట్టం చుట్టేసి, మెట్టు లోపలికి తోసి, ఎక్కి కూర్చున్నాడు. మా వెనక అప్పుడే రెండు బండ్లు వరస కట్టాయి. నేను బల్ల దగ్గర నా కిటికీ పక్కన కూర్చున్నాను, జాలీ కింద, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఇయోలే వచ్చి నా ఎదురుగా నిలబడింది. పెదవులకి రంగు వేసుకుంది.

"అక్కా, ఇవాళ నువ్వు ముందు కూర్చో. సముద్రం బాగా కనిపిస్తుంది. నేనిక్కడ కూర్చుంటాలే."

"నీకు వెనక తిప్పుతుంది కదే."

"ఎంతసేపని. ఊరి దాకే కదా," అంది, అని కిటికీ వైపు చూసింది.

చెయ్యి పట్టుకుని లేపింది కూడా, మెత్తటి చెయ్యి, డెబ్భై ఏళ్ళ కిందటి అదే చెయ్యి, నన్ను లేపి నా చోట కూర్చుంది, సరిగ్గా జాలీ కింద. నాకు దాని పాపిడి కనిపించింది పైనుంచి, రంగు వేసిన జుట్టు మధ్య తెల్ల గీత. తడి కోడిపిల్ల వాసన వచ్చింది, రాదు ఎలా వస్తుంది, అయినా వచ్చింది. పట్టుకో పట్టుకో అని అమ్మ.

"ఇయోలే," అన్నాను, "కాఫీ పాత్ర తొట్ల దగ్గర మర్చిపోయాను. కడిగి బోర్లించాను."

"ఇప్పుడా! తర్వాత కొనుక్కుందాంలే అక్కా."

"మీ బావది అది."

స్టీరింగు మీద చేత్తో కొట్టాడు వానెస్. "తల మర్చిపోకుండా తెచ్చావు, సంతోషం! పో ఇయోలే, పరిగెత్తి తెచ్చుకో, వెనక వాళ్ళు చంపుతారు. కట్ట దాటి అవతల ఆగుతా, నడిచి రా."

దిగింది. తిట్టుకుంటూ దిగింది, చెప్పులు టపటపలాడిస్తూ తోపులోకి పోయింది. నేను ముందుకి పోయి కూర్చున్నాను, ఈ సీటులో ముప్ఫై ఒక్కేళ్ళు కూర్చున్నాను, నా ఒంటి గుంట ఇంకా ఉంది దానిలో. బండి కదిలింది. చక్రం తిరిగింది. గేటు దాటుతుంటే చిన్న గుంతలో పడింది, వెనక అల్మారాలో కాఫీ పాత్ర గలగలమంది. వానెస్‌కి వినపడలేదు. ఆయనకి అది ఏనాడూ వినపడలేదు.

రెండొందల అడుగులు ఎంతసేపు. కట్ట దగ్గరకొస్తోంది, దాని కింద చల్లటి నల్లటి నోరు, నోటి మీద ఎర్ర చక్రం, మూడు పది, తుప్పు కారి అంకెల కింద గడ్డం మొలిచినట్టుంది. వానెస్ వేగం తగ్గించాడు. ఎండ అడ్డం దింపి ఉంది, గుడ్డముక్క నా కళ్ళెదురుగా, తొమ్మిదికి మా ఆయన పెట్టే చిన్న తోక, ఎనిమిది రెండు సున్నాలు అతికించినట్టు. పక్క అద్దంలో ఇయోలే కనబడింది. తోపులోంచి రోడ్డెక్కి పరిగెత్తుకొస్తోంది, చేతులు ఖాళీ, రెండూ గాల్లో ఊపుతోంది, వెనక నుంచి చూస్తే తెలిసిపోతుంది కదా, కప్పు మీది మేకపిల్లా, దాని ముందు రాతి దూలమూ, నోరు పెద్దగా తెరిచి ఏదో అరుస్తోంది, వినపడదు, ఒక చెప్పు ఊడిపోయింది. నేను బండెక్కి వెళ్ళిపోతుంటే ఆపమని అది పరిగెత్తడం ఇదే మొదలు.

"పాత్ర దొరకలేదేమో, గోల చేస్తోంది," అన్నాడు వానెస్ అద్దంలోకి చూసి. మెడ ముందుకి చాపి పైకి చూశాడు. దగ్గర్నించి చూస్తే దూలం ఎవరికైనా కిందికి ఉన్నట్టే అనిపిస్తుంది. బ్రేకు మీద కాలు పెట్టాడు. నుదుటి మీద చెమట. పన్నెండు రోజుల్లో మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ఏం వదినా? పడుతుందిగా?"

చక్రం ఇంకా తిరుగుతోంది, నెమ్మదిగా. ఒట్టు ఉంది. అయినా అడిగితే జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు. చెయ్యి చాపి గుడ్డముక్కని వేలితో తడిమాను, నా కుట్టుపని గుడ్డ, ఎంత గట్టిదో, అంచు పోగు కూడా లేవలేదు.

"ఆయన ఎప్పుడూ తప్పు రాయలేదు వానెస్."

"అదీ మాట," అని నవ్వి, కాలు మార్చి యాక్సిలరేటర్ నొక్కాడు.